చిట్టా, ఆవర్జా, కంప్యూటరు: రాసుకున్నది దొరకాలంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "కంప్యూటరు గురించి మాట్లాడప్పా, కానీ అందరికీ తెలిసేట్టు మాట్లాడు" అన్నారు. అందుకని ఈ రోజు ఒకే ఒక్క విషయం తీసుకున్నాను. మనం రాసుకున్నది మనకు అవసరమైనప్పుడు దొరకాలంటే ఏం చేయాలి? దానికి నేను వాడే పనిముట్టు ఏది, దాన్ని నా పనికి తగ్గట్టు ఎట్లా మార్చుకున్నాను? చివరలో సంఘానికి ఒక విన్నపం కూడా ఉంది.

మన ఊరు వ్యాపారం ఊరు. పసిడిపురి అని పేరు. బంగారం అంగడైనా, బట్టల అంగడైనా, మన నాన్నల కాలంలో లెక్క రాసే పద్ధతి ఒకటే. ఏ రోజు జరిగింది ఆ రోజు చిట్టాలోకి ఎక్కేది. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరి దగ్గర ఎంత వచ్చింది అనేది, వరుసగా, తేదీ ప్రకారం. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ పద్దులను ఆవర్జాలోకి దించేవాళ్లు. ఆవర్జాలో తేదీ ప్రకారం కాదు, మనిషి ప్రకారం పేజీ. ఇక్కడ కామర్సు చదివిన వాళ్లకు ఒక గడి గుర్తుండాలి. చిట్టాలో ప్రతి పద్దు పక్కన ఆవర్జా పుట సంఖ్య, ఆవర్జాలో ప్రతి పద్దు పక్కన చిట్టా పుట సంఖ్య రాయాలి. రాయకపోతే పరీక్షలో మార్కు పోయేది. అంగట్లో అయితే డబ్బే పోయేది.

ఆ చిన్న గడిలోనే నా ప్రసంగమంతా ఉంది. ఒకే సంగతిని రెండు చోట్ల చూడవచ్చు. ఇక్కడి నుంచి అక్కడికి పోవచ్చు, అక్కడి నుంచి ఇక్కడికి తిరిగి రావచ్చు. దీన్నే ఇప్పుడు కంప్యూటరు వాళ్లు ముందు లింకు, వెనక లింకు అంటున్నారు. శెట్టిగారి గుమాస్తాకు ఎప్పుడో తెలిసిన విద్య ఇది.

జర్మనీలో నిక్లాస్ లూమన్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. 1998లో పోయాడు. ఆయన జీవితమంతా చిన్న చిన్న కాగితపు చీటీల మీద రాసుకుని, ప్రతి చీటీకి ఒక నంబరు వేసి, ఒక చీటీలో ఇంకో చీటీ నంబరు రాసుకుంటూ పోయాడు. సుమారు 90,000 చీటీలు. ఆ చెక్క పెట్టెల నుంచే పదుల కొద్దీ పుస్తకాలు రాశాడు. చీటీ ఏ అరలో ఉందనేది ఆయనకు ముఖ్యం కాదు. ఏ చీటీ ఏ చీటీని పిలుస్తోంది అనేదే ముఖ్యం.

ఇక నా పనిముట్టు సంగతి. దాని పేరు ఈమ్యాక్స్. ఇది టెక్స్టు ఎడిటరు, అంటే ఉత్త అక్షరాలు రాసుకునే సాధనం. 1976లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమ్యాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశాడు. అంటే మనలో చాలా మంది హైస్కూల్లో ఉన్నప్పటి సరుకు. ఇన్నేళ్ల తర్వాత కూడా బతికి ఉండడానికి కారణం ఏమంటే, దాన్ని వాడేవాడు తన చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మా నాన్న మడకకు మేడి కొత్తది బిగించేటప్పుడు తన చేతి ఎత్తు చూసుకుని చెక్కించుకునేవాడు. పక్కింటాయన మడక ఆయనకు పనికొచ్చేది కాదు. ఈమ్యాక్స్ కూడా అంతే.

దీని మీద 2003లో కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన నోట్సు కోసం ఆర్గ్ మోడ్ అనేది రాసుకున్నాడు. దాని మీద 2020లో జెత్రో కువాన్ అనే ప్రోగ్రామరు ఆర్గ్-రోమ్ రాశాడు. ఆర్గ్-రోమ్ చేసే పని చిట్టా-ఆవర్జా పనే. నేను ఒక నోటులో ఇంకో నోటు పేరు తలిస్తే, ఆ రెండో నోటు తెరిచినప్పుడు "నిన్ను ఫలానా చోట తలిచారు" అని పక్కన చూపిస్తుంది. పుట సంఖ్యలు రాసే గుమాస్తా ఉద్యోగం దానిది. రాసే ఉద్యోగం మాత్రం మనదే.

ఇది ఎందుకు పనికొస్తుందో నా వృత్తిలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. నేను సిమెంటు కర్మాగారాల్లో పనిచేసిన ఇంజనీరును. సున్నపురాయి మోసే కన్వేయరు బెల్టు మోటారు ఒకటి అప్పుడప్పుడు ట్రిప్ అయ్యేది. ఎలక్ట్రికల్ వాళ్లు రిలే మార్చేవాళ్లు, మెకానికల్ వాళ్లు బేరింగు చూసేవాళ్లు. నడిచేది. మళ్లీ కొన్ని నెలలకు ఆగేది. నా నోట్సులో ఆ మోటారుకు ఒక పేజీ ఉంది. ఒక రోజు ఆ పేజీ వెనక లింకులు చూస్తే, ఆగిన రోజుల్లో ఎక్కువ భాగం వాన పడిన రోజుల చిట్టా నుంచి వచ్చినవి. ఆ రోజుల్లోనే ఒక దాని నుంచి ఇంకో పేజీకి లింకు పోయింది. అది గనిలో పనిచేసిన ఒక పెద్ద మేస్త్రీ మాట. "తూర్పు మూల రాయి వానకు జిగట పడుతుంది సార్, దాన్ని ఒట్టిగా పంపొద్దు" అని ఆయన అన్న మాటను ఎప్పుడో రాసి పెట్టుకున్నాను. అప్పటికి ఆయన రిటైరైపోయాడు. విషయం అదే. మట్టి కలిసిన తడి రాయి షూట్‌లో అంటుకుని, దారి మూసుకుపోయి, మోటారు మీద భారం పడుతోంది. వాన రోజుల్లో ఆ మూల రాయిని వేరే మూల రాయితో కలిపి పంపడం మొదలుపెట్టాం. ఆగడం బాగా తగ్గింది.

ఇందులో నా తెలివి ఏమీ లేదు. మోటారు సంగతి ఒక శాఖ దగ్గర ఉంది, వాన సంగతి ఇంకో రిజిస్టరులో ఉంది, రాయి సంగతి ఒక పెద్దాయన నోట్లో ఉంది. మూడూ ఒక చోట కలిసే దారి వేశాను, అంతే.

ఇప్పుడు మార్పుల సంగతి. యువ ఇంజనీర్లు అడుగుతుంటారు గనుక కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది, ఫైలు పేరు. సాధారణంగా నోటు ఫైలు పేరులో తేదీ, సమయంతో పాటు శీర్షిక కూడా చేరుతుంది. నేను శీర్షిక తీసేసి ఒట్టి తేదీ, సమయం మాత్రమే ఉంచాను. శీర్షికలు మారతాయి, మన అవగాహన మారినప్పుడల్లా మారతాయి. పుట్టిన సమయం మారదు. పైగా తెలుగు శీర్షికలు ఫైలు పేర్లలోకి ఎక్కితే ఒక్కో కంప్యూటరులో ఒక్కో రకంగా కనిపించే ఇబ్బంది ఉంటుంది. నోటుకూ నోటుకూ మధ్య లింకు పేరు మీద కాదు, లోపల ఉండే ఒక గుర్తింపు సంఖ్య మీద నడుస్తుంది కాబట్టి, పేరు మార్చినా, ఫైలును వేరే ఫోల్డరుకు మార్చినా లింకు తెగదు.

రెండోది, మారుపేర్లు. ఇది మన జిల్లా వాళ్లకు తప్పనిసరి. కడప ఇంగ్లిషు స్పెల్లింగు 2005లో మారింది. అంతకు ముందరి రికార్డులన్నీ పాత స్పెల్లింగుతోనే ఉన్నాయి. ప్రొద్దుటూరును మనం నోటితో పొద్దుటూరు అంటాం, పండితులు బ్రధ్నపురి అన్నారు. జమ్మలమడుగు పాత పేరు జంబులమడక. పులివెందులకు పులిమందల అనే పేరు చెబుతారు. ఒక నోటుకు ఇన్ని మారుపేర్లు పెట్టుకోవచ్చు. ఏ పేరుతో వెతికినా అదే పేజీ తెరుచుకుంటుంది. ఊళ్లకే కాదు, యంత్రాలకూ అంతే. డ్రాయింగులో ఒక పేరు, స్టోర్సులో ఒక నంబరు, కూలీల నోట్లో ఇంకో పేరు ఉంటాయి. మూడూ ఒకటే వస్తువని ఒకసారి రాసిపెడితే సగం తగాదాలు తీరతాయి.

మూడోది, అచ్చులు. కొత్త నోటు తెరవగానే ఖాళీ పేజీ వస్తే మనిషికి చెయ్యి ఆడదు. నేను నాలుగు అచ్చులు పెట్టుకున్నాను: యంత్రం, మనిషి, ఊరు, మాట. యంత్రం అచ్చులో నాలుగు గడులు వస్తాయి: ఏం జరిగింది, ఆ రోజు వాతావరణం ఏమిటి, ఏం చేశాం, ఎవరు చెప్పారు. ఆ నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. ఎవరు చెప్పారో రాయని సమాచారం సాక్షి లేని పత్రం లాంటిది.

నాలుగోది, తెలుగు. ఈమ్యాక్స్‌లో తెలుగు టైపు చేసే పద్ధతులు ముందే ఉన్నాయి. ఇన్‌స్క్రిప్టు అలవాటున్న వాళ్లకు అది, ఇంగ్లిషు అక్షరాలతో కొట్టేవాళ్లకు ఐట్రాన్స్. రెండు మీటలు నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లిషు. 2020లో వచ్చిన 27వ వెర్షను నుంచి హార్ఫ్‌బజ్ అనే అక్షర కూర్పు యంత్రం జతకావడంతో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కుదురుతున్నాయి. మంచి యూనికోడ్ ఫాంటు ఒకటి ఎంచుకుని, తెలుగుకు మాత్రం అక్షరం సైజు కొంచెం పెంచుకోవాలి. మన వయసు వాళ్ల కళ్లకు అది మేలు.

ఐదోది, చిన్న చిన్న సొంత ఆజ్ఞలు. ఆర్గ్-రోమ్ లింకులన్నిటినీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో పట్టిక వేసుకుంటుంది. ఆ పట్టికను ప్రశ్నలు అడగవచ్చు. ప్రతి ఆదివారం "ఎవరితోనూ సంబంధం లేని నోట్లు ఏవి?" అని అడిగే ఆజ్ఞ ఒకటి రాసుకున్నాను. పది పన్నెండు వరుసలు, అంతకు మించి లేదు. ఒంటరిగా మిగిలిన నోట్ల జాబితా వస్తుంది. ఒక్కోదాన్ని చూసి దాని చుట్టం ఎవరో వెతికి కలుపుతాను, లేదంటే తీసేస్తాను. ఇంకో ఆజ్ఞ ఈ రోజు తేదీకి గత సంవత్సరాల చిట్టాలన్నీ తెరుస్తుంది. వానాకాలం ముందు పోయిన ఏడు ఏం రిపేరీ చేశామో అది గుర్తు చేస్తుంది.

డేటాబేసు పోతే ఎట్లా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. పోయినా నష్టం లేదు. అసలు సరుకు అంతా ఉత్త అక్షరాల ఫైళ్లలో ఉంది. పట్టికను మళ్లీ ఆ ఫైళ్ల నుంచే కట్టుకోవచ్చు. ఈమ్యాక్సే లేని రోజు వచ్చినా, ఆ ఫైళ్లను ఏ కంప్యూటరులోనైనా చదవవచ్చు.

ఇది ఎంత ముఖ్యమో ఈ సంచిక సంపాదక వర్గానికి బాగా తెలుసు. పాతికేళ్ల కిందట డీటీపీలో చేసిన పాత సంచికల ఫైళ్లు తెరిస్తే ఇప్పుడు పిచ్చి గీతలు వస్తున్నాయి. ఆ రోజుల్లో ఒక్కో ఫాంటుకు ఒక్కో లెక్క. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, మన అచ్చు పని చాలా కాలం వేరే దారిలో నడిచింది. కాగితం మీద ఉన్న సంచిక చక్కగా ఉంది. దాన్ని పుట్టించిన ఫైలు మాత్రం మూగపోయింది. మన జిల్లాలోనే కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడి కాలంలో, సుమారు 575లో చెక్కిన తెలుగు శాసనం అక్కడిదే. పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఆ అక్షరాలను పండితులు చదివి చెబుతున్నారు. మనం పాతికేళ్ల కిందట చేసిన ఫైలును మనమే చదవలేకపోతున్నాం.

యువకులకు ఒక హెచ్చరిక కూడా. మార్చుకునే వీలున్న సాధనానికి ఒక వ్యసనం ఉంది. రంగులు మార్చడం, బొమ్మలు పెట్టడం, లింకులన్నీ నక్షత్రాల్లా మెరిసే చిత్రం చూసుకుని మురిసిపోవడం. ఇల్లు అలకగానే పండగ కాదు. నా నియమం చెబుతాను. ఒకే ఇబ్బంది మూడుసార్లు ఎదురైతేనే సెట్టింగు ముట్టుకోవాలి. మిగతా సమయం రాయాలి.

కంప్యూటరు వద్దనుకునే వాళ్లూ నిరాశపడనక్కర్లేదు. లూమన్ వాడింది కాగితమే. ఒక పుస్తకం, పేజీలకు నంబర్లు, వెనక నాలుగు పేజీల్లో అకారాది సూచిక, ఎవరు చెప్పారో ఒక గడి ఉంటే చాలు. పద్ధతే ప్రాణం.

ఇప్పుడు విన్నపానికి వస్తాను.

ఈ పద్ధతి మన జిల్లాకు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత అక్కడే ఒక బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, వేర్వేరు ఊళ్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. 1852లో వచ్చిన ఆయన నిఘంటువు వెనక ఉన్నది ఆ పోల్చి చూసే శ్రమే. అంతకు ముందు కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల తోటి వాళ్లు ఊరూరూ తిరిగి కైఫీయత్తులు సేకరించారు. కరణాల దగ్గరున్న దండకవిలెల్లోని సంగతులు, పెద్దల నోటి మాటలు అందులో చేరాయి. మన ఊళ్ల గుడులు, చెరువులు, పాలెగాళ్ల సంగతులు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనం చదువుకోగలుగుతున్నామంటే, ఆ రోజు ఎవరో ఓపిగ్గా కూర్చుని రాయడం వల్లే.

మన కాలపు కైఫీయత్తు ఎవరు రాస్తున్నారు?

పెన్నా మీద గండికోట జలాశయం కట్టారు. 26.85 టీఎంసీల సామర్థ్యం. మన ప్రాంతానికి నీళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. ఆ నీళ్ల కింద ఊళ్లు పోయాయి. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు 2020లో ఖాళీ అయింది. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చి మనతో చదివిన వాళ్లలో ఆ పల్లెలకు చుట్టరికం ఉన్న వాళ్లు ఈ సభలోనే ఉంటారు. నష్టపరిహారం లెక్కల్లో ఇళ్లు, ఎకరాలు, చెట్లు నమోదవుతాయి. ఏ బావి నీళ్లు పప్పు ఉడకడానికి మంచివి, ఏ వీధిలో ఏ పండగకు ఎవరు ముందు నడిచేవాళ్లు, బడికి పోయే దారిలో ఏ చెట్టు కింద ఆగేవాళ్లు, ఇవి ఏ లెక్కలోనూ ఎక్కవు. అవి మనుషుల్లోనే ఉన్నాయి. ఆ మనుషులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. పునరావాస కాలనీల్లో ఒకరు ఒక చోట, ఇంకొకరు ఇంకో చోట ఉన్నారు.

అందుకే మన సంఘం తరఫున ఒక అల్లిక పుస్తకం మొదలుపెడదామని నా ప్రతిపాదన. మూడే రకాల పేజీలు. ఒకటి, గురువులు: ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పాఠం ఎట్లా చెప్పేవారు. రెండు, ఊళ్లు: ముఖ్యంగా నీళ్లలోకి పోయినవి. మూడు, మాటలు. కపిల, బాన, మోకు అంటే మన పిల్లలకు తెలియదు. కపిల తోలిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఆ పరికరంలో ప్రతి భాగానికీ ఒక పేరు ఉంది, ఆ పేర్లు వాళ్లతోనే పోకూడదు.

ఒక్కొక్కరు ఏడాదికి ఒకే ఒక పేజీ రాయండి. కాగితం మీద రాసివ్వండి, లేదా ఫోనులో చెప్పి పంపండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అనే గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనూ, పులివెందుల ఇంజనీరింగు కాలేజీలోనూ మన బడి పిల్లలు చదువుతున్నారు. టైపు చేసి, లింకులు వేసే పని వాళ్లకు అప్పగిద్దాం. నా అచ్చులు, నా సెట్టింగుల ఫైలు వాళ్లకు ఇస్తాను. నేర్పడానికి సెలవుల్లో వారం రోజులు ఇక్కడే ఉంటాను. ఒక ప్రతి సంఘం దగ్గర, ఒకటి బడి గ్రంథాలయంలో, ఒకటి వేరే ఊరిలో ఉంచుదాం. ఏడాదికోసారి కాగితం మీద అచ్చు కూడా తీద్దాం. బతికున్న వాళ్ల సొంత విషయాలు వాళ్లు ఒప్పుకుంటేనే రాద్దాం.

దీనివల్ల జరిగేది ఏమంటే, మీరు ఒక సార్ గురించి రాసిన పేజీలో ఒక పల్లె పేరు వస్తుంది. పల్లె పేజీ తెరిస్తే ఆ సార్ కనిపిస్తారు. అదే పల్లె గురించి మీకు తెలియని ఒక జూనియరు రాసిన పేజీ పక్కనే కనిపిస్తుంది. వేర్వేరు బ్యాచుల వాళ్లం, ఒకరి ముఖం ఒకరు ఎరగని వాళ్లం, ఒక బావి దగ్గర కలుస్తాం. సంఘం అంటే నా దృష్టిలో అదే.

గురువులు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్రంథాలయం గదిలో నోటుబుక్కులు, పెన్నులు పెట్టించాను. ఒక్కొక్క సార్ పక్కన ఇద్దరు విద్యార్థులు కూర్చుంటారు. మొదటి పేజీలు ఈ రోజే రాద్దాం.